వేగం – వోల్టేజి – వేడిమి

దమ్మాయిగూడకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఇ.సి.ఐ.ఎల్. కూడలి ఉంది. ఆ కూడలికి పేరునిచ్చిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడింది. దాని నిర్మాత డాక్టర్ ఎ.ఎస్. రావు పేరుతోనే పక్కనున్న కాలనీ ఎ.ఎస్. రావు నగర్ అయింది. మన దేశంలో కంప్యూటర్లను తయారుచేసిన తొలి సంస్థలలో ఇది ఒకటి. 1970ల దశకంలో ఇక్కడి నుండి టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లు వెలువడ్డాయి. ఆనాటి కంప్యూటర్లు బీరువాల వంటి పెట్టెలలో అమరి ఉండేవి. వాటిని ఉంచిన గదిని చల్లబరచడం వాటి నిర్వహణలో ఒక ముఖ్యభాగం.

ఇప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు శక్తిగల ప్రాసెసర్ అరచేతిలో ఇమిడిపోతున్నది. అయినా వేడిమితో పోరు ముగియలేదు. ముఖ్యంగా, తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను పరుగెత్తించాలనుకునేవారికి ఆ పోరు మొదటి నిమిషం నుండే ఎదురవుతుంది. ఇలా పరుగెత్తించడాన్ని 'ఓవర్‌క్లాకింగ్' అంటారు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ కూర్చుకునే విద్యార్థులలో చాలామందికి ఈ మాట పరిచితమే. అయితే, అది ఎలా పనిచేస్తుందో, దానికి చెల్లించవలసిన వెల ఎంతో తెలిసినవారు తక్కువ.

ప్రాసెసర్‌లో జరిగే ప్రతి పనీ ఒక గడియారపు తాళానికి అనుగుణంగా సాగుతుంది. నాలుగు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే దాని గడియారం క్షణానికి 400 కోట్లసార్లు కొట్టుకుంటుందని అర్థం. ఒక తాళానికీ మరొక తాళానికీ మధ్యనున్న వ్యవధి సెకనులో 400 కోట్లవ వంతు. ఆ వ్యవధిలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు. అంత స్వల్పకాలంలోనే సంకేతం ఒక ట్రాన్సిస్టర్ల వరుసను దాటి గమ్యం చేరాలి. చేరేలోగా తరువాతి తాళం పడితే, సగంలో ఉన్న సమాధానమే తుది సమాధానంగా నమోదవుతుంది.

ఈ వేగం రెండు సంఖ్యల లబ్ధం. మదర్‌బోర్డు ఇచ్చే మూల పౌనఃపున్యం సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దానిని ప్రాసెసర్ ఒక గుణకంతో హెచ్చిస్తుంది. గుణకం 36 అయితే వేగం 3.6 గిగాహెర్ట్జ్. ఆ గుణకాన్ని 37, 38 అని పెంచుకుంటూ పోవడమే నేటి ఓవర్‌క్లాకింగ్‌లో మొదటి మెట్టు. అన్ని ప్రాసెసర్లూ ఇందుకు అనుమతించవు. ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లలో పేరు చివర 'కె' అనే అక్షరమున్న వాటికే సాధారణంగా ఈ స్వేచ్ఛనిస్తుంది. ఎ.ఎం.డి. సంస్థ రైజెన్ శ్రేణిలో చాలావాటికి ఇచ్చింది.

తయారీదారు చెప్పిన వేగాన్ని మించడం అసలెలా సాధ్యమవుతుందన్న సందేహం కలగవచ్చు. ఒకే కొమ్మకు కాసిన మామిడికాయలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. ఒకే సిలికాన్ పలక నుండి కోసిన చిప్పులు కూడా అంతే. తయారైన తరువాత వాటిని పరీక్షించి, వేగాన్నిబట్టి వేరుచేసి, వేర్వేరు పేర్లతో అమ్ముతారు. ఎంత వేడి గదిలోనైనా, ఎంత నాసిరకపు ఫ్యానుతోనైనా కొన్నేళ్ళపాటు తప్పు లేకుండా పనిచేయాలన్న ఉద్దేశంతో కొంత వెసులుబాటును కూడా ఉంచుతారు. ఆ వెసులుబాటును వాడుకోవడమే ఓవర్‌క్లాకింగ్. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. దాని మూల పౌనఃపున్యాన్ని 66 నుండి 100కు మార్చగానే చాలా చిప్పులు 450 మెగాహెర్ట్జ్ వేగాన్ని అందుకున్నాయి. చౌక ప్రాసెసర్ కొని ఖరీదైన దాని పని చేయించుకున్నవారికి అది పండుగే. అంత ఉదారమైన వెసులుబాటు నేటి చిప్పులలో కనబడదు.

గుణకాన్ని పెంచుకుంటూ పోతే ఒకచోట కంప్యూటర్ మొరాయిస్తుంది. అక్కడే వోల్టేజి ప్రసక్తి వస్తుంది. ప్రతి ట్రాన్సిస్టర్ ద్వారమూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్ వంటిది. అది ఆవేశంతో నిండితేనే తెరుచుకుంటుంది. వోల్టేజి పెంచితే త్వరగా నిండుతుంది, సంకేతం తాళం తప్పకుండా గమ్యం చేరుతుంది. కనుక వేగం పెంచదలచినవారు ప్రాసెసర్‌కు అందే వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతారు. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఈ వోల్టేజికీ ఇంటి గోడకున్న ప్లగ్గులోని 230 వోల్టులకూ నేరుగా సంబంధం లేదు. ప్రాసెసర్‌కు కావలసింది ఇంచుమించు 1.2 వోల్టులు మాత్రమే. దానిని సిద్ధంచేసే బాధ్యత మదర్‌బోర్డు మీది నియంత్రకాలది. ఇంట్లో స్టెబిలైజర్ ఉన్నంత మాత్రాన ప్రాసెసర్‌కు రక్షణ కలిగినట్లు కాదు.

వోల్టేజి చేసే మేలుకు ప్రతిగా తీసుకునే మూల్యం చాలా ఎక్కువ. ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తు పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి విషయంలో మాత్రం అది దాని వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. లెక్క వేసి చూద్దాం. ఒక ప్రాసెసర్ 1.20 వోల్టుల వద్ద, 3.6 గిగాహెర్ట్జ్ వేగంతో 90 వాట్లు తీసుకుంటున్నదనుకుందాం. దానిని 4.5 గిగాహెర్ట్జ్‌కు, అంటే 25 శాతం పెంచాం. అందుకు వోల్టేజిని 1.38కి, అంటే 15 శాతం పెంచవలసి వచ్చింది. 1.25ను 1.15 వర్గంతో గుణిస్తే 1.65 వస్తుంది. అంటే 90 వాట్లు కాస్తా దాదాపు 149 వాట్లయినవి. నాలుగో వంతు వేగం కోసం మూడింట రెండు వంతుల విద్యుత్తును అదనంగా వెచ్చించామన్నమాట. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. చిప్పు వేడెక్కినకొద్దీ మూసి ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కారిపోయే విద్యుత్తు కూడా పెరుగుతుంది. దానిని ఈ లెక్కలో చేర్చలేదు.

ఈ వేడిని బయటకు పంపేవి హీట్‌సింక్, ఫ్యాను. ఒక వాటు వేడికి ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే 0.4 డిగ్రీలు పెరిగేటట్లు చూసే హీట్‌సింక్ మన వద్ద ఉన్నదనుకుందాం. 149 వాట్లకు ఆ పెరుగుదల 60 డిగ్రీలు. డిసెంబరు రాత్రి దమ్మాయిగూడలోని ఒక గదిలో 22 డిగ్రీలుంటే ప్రాసెసర్ 82 డిగ్రీల వద్ద నిలకడగా పనిచేస్తుంది. అదే గది మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద 38 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ 98 డిగ్రీలకు చేరుతుంది. నేటి ప్రాసెసర్లలో చాలావాటికి 95 లేదా 100 డిగ్రీలు అంతిమ హద్దు. ఆ హద్దు తాకగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కష్టపడి సంపాదించిన వేగం సరిగ్గా అక్కడే జారిపోతుంది. పరీక్షించినది చలికాలంలో, వాడవలసినది ఎండాకాలంలో అయితే ఆ పరీక్ష సగమే జరిగినట్లు. చల్లని దేశాలవారు రాసిన కొలతలను యథాతథంగా తెచ్చుకుని తమ కంప్యూటర్‌కు పెట్టుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఈ ఇబ్బంది విడి వినియోగదారులకే పరిమితం కాదు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దానికి కావలసిన వోల్టేజి కూడా తగ్గుతుందని, అందువల్ల వైశాల్యంలో వేడి పెరగదని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపారు. మూడు దశాబ్దాలపాటు పరిశ్రమ ఆ దారినే నడిచింది. 2000ల మధ్యకాలానికి ఆ దారి మూసుకుపోయింది. వేడిని అదుపుచేయలేక, 2004లో ఇంటెల్ తన నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను విరమించుకుంది. ఆ తరువాతే ఒక్క చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లను అమర్చే పద్ధతి వ్యాపించింది. అతిశీతల ద్రవాలతో సాధించే రికార్డుల సంగతి వేరు. 2011లో ఎ.ఎం.డి. ఎఫ్.ఎక్స్. ప్రాసెసర్ ద్రవ హీలియం సాయంతో 8.4 గిగాహెర్ట్జ్ దాటింది. అది కొన్ని నిమిషాల విన్యాసం, ఇంట్లో చేయదగినది కాదు.

ఇంట్లో చేయదలచినవారు అనుసరించే క్రమం ఓపికతో కూడినది. ముందుగా ఏ మార్పూ చేయకుండా కంప్యూటర్‌ను పూర్తి భారంతో నడిపి, ఉష్ణోగ్రత ఎంతకు చేరుతున్నదో రాసిపెట్టుకోవాలి. తరువాత బయోస్‌లో గుణకాన్ని ఒక్క అంకె పెంచి, మళ్ళీ పరీక్షించాలి. తడబాటు కనిపించినప్పుడే వోల్టేజిని వందో వంతు వోల్టు చొప్పున పెంచాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే తప్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. కంప్యూటర్ అసలు మేల్కొనకపోతే, మదర్‌బోర్డు మీద సీమాస్‌ను చెరిపివేసే ఏర్పాటు ద్వారా పూర్వస్థితికి తేవచ్చు. ప్రతి దశలోనూ ఉష్ణోగ్రత మీద ఒక కన్ను ఉండాలి.

కంప్యూటర్ ఆగిపోవడం నిజానికి పెద్ద ప్రమాదం కాదు. ఆగకుండా తప్పుడు సమాధానం ఇవ్వడమే ప్రమాదం. హద్దు మీద నడుస్తున్న ప్రాసెసర్ కోటానుకోట్ల లెక్కలలో ఎక్కడో ఒక అంకెను మార్చివేయవచ్చు. ఆ మార్పు ఆటలో ఒక రంగుచుక్కగా కనిపించి మాయమైతే నష్టం లేదు. ఏడాది ప్రాజెక్టు నివేదికలోనో, చిన్ననాటి ఛాయాచిత్రాలను దాచుకున్న ఫైలులోనో నిశ్శబ్దంగా నిలిచిపోతే, దానిని కనిపెట్టేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. అందుకే పరీక్షకు సమాధానం ముందుగా తెలిసిన లెక్కలను వాడతారు. ప్రధాన సంఖ్యల అన్వేషణకై 1990లలో రూపొందిన ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఇందుకు పేరుపొందింది. అది గంటలకొద్దీ లెక్కలు చేయించి, వచ్చిన ఫలితాన్ని తెలిసిన ఫలితంతో సరిపోలుస్తుంది. పది నిమిషాలు నడిచింది కదా అని తృప్తిపడేవారే ఎక్కువ. ఒక రాత్రంతా నడిపినా అది కనీసమే.

అధిక వోల్టేజి చేసే మరొక హాని వెంటనే కంటికి కనిపించదు. చిప్పులోని సన్నని లోహపు తీగలలో ఉరవడిగా సాగే ఎలక్ట్రానులు లోహపు పరమాణువులను కూడా కొద్దికొద్దిగా తోసుకుపోతాయి. వరద కాలువ తన గట్టునే కోసుకుపోయినట్లు తీగ ఒకచోట సన్నబడుతుంది. వేడి హెచ్చినకొద్దీ ఈ కోత వేగం పుంజుకుంటుంది. నిన్నటిదాకా చక్కగా నడిచిన వేగం ఒక ఏడాది తరువాత నడవకపోవడానికి ఇలాంటి అరుగుదలే కారణం. తయారీదారులు సైతం ఈ హద్దును పొరబడిన సందర్భాలున్నాయి. 2023లో కొన్ని మదర్‌బోర్డులు అధిక వోల్టేజి ఇవ్వడంతో ఎ.ఎం.డి. రైజెన్ 7000 ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాయి. ఆ సంస్థ వెంటనే ఒక భాగపు వోల్టేజిని 1.3కు పరిమితం చేయించింది. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అకారణంగా కుప్పకూలుతున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజిని తానే అడగడం ఇందుకు కారణమని ఇంటెల్ ప్రకటించి, ఆగస్టులో సవరణను విడుదల చేసింది. వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే అరిగిపోయిన చిప్పులను మాత్రం ఏ సవరణా బాగుచేయలేకపోయింది.

మళ్ళీ ఇ.సి.ఐ.ఎల్. విషయానికి వద్దాం. దేశంలో ఓటింగ్ యంత్రాలను తయారుచేసే సంస్థలు రెండే. వాటిలో ఇది ఒకటి, రెండవది బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. ఓటింగ్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. కరెంటు లేని పల్లె పాఠశాలలోనూ పనిచేయగలదు. 2024లో తెలంగాణలో లోక్‌సభ పోలింగు మే 13న జరిగింది. ఎండ ఎంత ఉన్నా, నొక్కిన మీటకు తగిన లెక్క పడితీరాలి. అటువంటి యంత్రానికి వేగంతో పనేమీ లేదు. ఇంజినీరు హద్దుకు ఎంతో ఇవతలే నిలిచి రూపకల్పన చేస్తాడు. ఓవర్‌క్లాకింగ్ చేసే యువకుడు సరిగ్గా అదే వెసులుబాటును ఖర్చు పెడుతున్నాడు. తన ఆటకు తన కంప్యూటర్‌లో అలా చేసుకోవడం తప్పు కాదు. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్‌లోనో, అన్నయ్య దుకాణపు లెక్కలున్న కంప్యూటర్‌లోనో చేయడం వేరు.

ఇప్పటి ప్రాసెసర్లు చల్లదనం దొరికినంతమేరకు తమంతట తామే వేగం పెంచుకుంటాయి. అందువల్ల చేతితో సాధించగల లాభం బాగా తగ్గిపోయింది. మన వాతావరణానికి దీనికి వ్యతిరేక మార్గమే ఎక్కువ ఉపయోగకరమని నా అభిప్రాయం. వేగాన్ని ఉన్నచోటనే ఉంచి, వోల్టేజిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పరీక్షించడం ఆ మార్గం. దీనిని 'అండర్‌వోల్టింగ్' అంటారు. వర్గపు సూత్రం ఇక్కడ మన పక్షాన పనిచేస్తుంది. మన ఉదాహరణలోని ప్రాసెసర్‌ను 1.20 నుండి 1.12 వోల్టులకు దించగలిగితే 90 వాట్లు 78కి తగ్గుతాయి. ఉష్ణోగ్రత దాదాపు ఐదు డిగ్రీలు దిగివస్తుంది, ఫ్యాను రొద తగ్గుతుంది. దీనికీ అదే పరీక్ష, అదే ఓపిక అవసరం. వోల్టేజి మరీ తగ్గినా లెక్కలు తప్పుతాయి. దానికి ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పరిసరాల పారిశ్రామిక వాడల దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య ఏడాదికొక పొరగా పేరుకుంటుంది. కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో ఆ దుమ్మును దులిపి, ఎండిన థర్మల్ పేస్టును మార్చి, పెట్టెను గోడకు జేరవేయకుండా గాలి ఆడేచోట ఉంచితే, బయోస్ తెరవకుండానే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి.