ఢోలక్ అక్క వచ్చిన రాత్రి

ఒక శివరాత్రికి సరిగ్గా రెండు రోజుల ముందు మా భజన బృందానికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఢోలక్ వాయించే అబ్బాయికి జ్వరం. భిక్నూర్‌లో సిద్ధరామేశ్వరుడి గుడి అంటే మాకు దక్షిణ కాశి. అక్కడ జాగారం రాత్రి ఢోలక్ లేకుండా కూర్చోవడమంటే పెళ్లిలో మేళం లేనట్టే.

మేం పదిమంది ఆడవాళ్లం. బీడీలు చుట్టేవాళ్లున్నారు, పొలం పనికి పోయేవాళ్లున్నారు. హార్మోనియం నాది. "నిజామాబాద్‌ల మా చిన్నమ్మ బిడ్డ ఉన్నది. ఢోలక్ మస్తు వాయిస్తది, పిలువాల్నా?" అంది మా పక్కింటి అక్క. "ఆడామె ఢోలక్ కొడతదా?" అని ఓ అవ్వ నోరు తెరిచింది.

నాకు నవ్వొచ్చింది. మా పాత నిజామాబాద్ జిల్లాలోనే కదా, చిందు ఎల్లమ్మ మగవేషాలు కట్టి యక్షగానం ఆడింది! 2005లో కన్నుమూసేదాకా ఆమె పేరు తెలియని ఊరు ఇక్కడ తక్కువ. ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి మృదంగం వాయించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అయినా నిజం చెప్పొద్దూ, నాకూ లోపల గుబులే. ఆమె ముందు నా వాయిద్యం తేలిపోతుందేమోనని.

ఆమె వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట: "ఏ శ్రుతిల పాడుతరు చెల్లె?"

అంతవరకూ మమ్మల్నలా ఎవరూ అడగలేదు. వాయించడానికి వచ్చిన మగవాళ్లు తమకు అలవాటైన ఒకటో ఒకటిన్నరో పట్టేవారు. అది మగ గొంతుకు హాయి. మాకు కింది స్వరాలు అందవు, పైకి ఎత్తుకుంటే అరుపే. ఆమె మా చేత రెండు పల్లవులు పాడించుకుని, "మీది నాలుగున్నర" అని తేల్చేసింది. నాలుగో తెల్లమెట్టు పక్కనున్న నల్లమెట్టు అన్నమాట. నా వేళ్లకు ఆ మెట్ల మీద అలవాటు లేదు. గంటసేపు తడబడ్డాను.

హార్మోనియంతో తిప్పలు అదే. దాని స్వరాలు బిగించినవి బిగించినట్టే ఉంటాయి, సాగదీయలేం. గమకం పలకదనే 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించి, 1971 నాటికి గానీ పట్టు సడలించలేదు. కాబట్టి మిగతావాళ్లే దాని దగ్గరికి రావాలి. ఆమె ఢోలక్ తాళ్లకున్న రింగులు ఒక్కొక్కటే లాగుతూ, నా మెట్టుకు చెవి ఆనించినట్టు కూర్చుని, కుడివైపు తోలును శ్రుతికి తెచ్చుకుంది. మా ఢోలక్ తాడు పాతదై జారిపోతుంటే పళ్లు కొరికింది గానీ ఒక్క మాట అనలేదు.

రాత్రి పదిన్నరకు మొదలుపెట్టాం. రెండో పాటకే తప్పు చేశాను. ఆమె వేసిన ముక్తాయింపు వింటూ మైమరచి, చరణం ఎక్కడ ఎత్తుకోవాలో మరిచిపోయాను. వేళ్లు ఆగిపోయాయి. ముఖం వేడెక్కింది. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. అలంకారాలన్నీ మానేసి ఎనిమిది మాత్రల కహర్వాను ఉత్తగా, నిలకడగా వాయిస్తూ పోయింది. రెండు ఆవృతాలు తిరిగేసరికి నాకు పల్లవి దొరికింది. విన్నవాళ్లు అది కావాలని చేశామనుకున్నారట!

మరో అలవాటు కూడా ఆ రాత్రే బయటపడింది. హుషారెక్కిన కొద్దీ మేం పాటను పరుగు పెట్టిస్తాం, చివరికి ఊపిరాడదు. చిడతలవాళ్లు ముందుకు తోస్తుంటే ఆమె తొందరపడలేదు. వాళ్లే తగ్గారు.

తెల్లవారుజామున ఒక చరణంలో ఉన్నట్టుండి ఢోలక్ ఆపేసింది. తాడు తెగిందేమోనని హడలిపోయాను. ఆమె కళ్లతోనే "కానీయండి" అంది. నేనూ బెల్లో మెల్లగా వదిలాను. తాళాలు, పది గొంతులు, అంతే. ఇన్నేళ్లలో మా గొంతులు మాకే వినపడింది ఆ చరణంలోనే. పల్లవికి ఢోలక్ మళ్లీ అందుకునేసరికి నిద్రకు జోగుతున్న అవ్వలు లేచి కూర్చున్నారు.

పొద్దున అసలు పేచీ. వాయించడానికి మగమనిషి వస్తే కవర్లో డబ్బులు పెడతారు. ఆడామె కదా, చీరా జాకెట్టుగుడ్డా పెట్టి బొట్టుపెడితే సరిపోతుందని ఒక పెద్దమనిషి అన్నాడు. పోయినసారి మగాయనకు ఇచ్చినంతా ఈమెకూ ఇవ్వాల్సిందేనని నేను గట్టిగా నిలబడ్డాను. ఇంట్లో కూడా అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడి ఎరుగను. బీడీల డబ్బుల్లోంచి ఒకామె ముందు తీసింది. తర్వాత అందరం తీశాం. ఆ పెద్దమనిషి కూడా చివరికి జేబులో చెయ్యి పెట్టాడు.

ఆమె మొహమాటపడకుండా లెక్కపెట్టుకుని సంచిలో పెట్టుకుంది. నాకది ఎంతో నచ్చింది. కామారెడ్డి బస్సు ఎక్కుతూ, "మల్ల పిలిస్తే వస్త గని, ఆ ఢోలక్‌కు కొత్త తాడు ఏయించుండ్రి" అంది.

వేయించాం. అబ్బాయికి జ్వరం తగ్గాక మొదటి మంగళవారం భజనకు వచ్చి, ఎప్పట్లాగే ఒకటిన్నర అందుకోబోయాడు. "నాలుగున్నరకు బిగించు తమ్మీ" అన్నాను.