జన్యువుల బాంధవ్యజాలము

1987లో లండను నగరమున పాల్ నర్స్, మెలనీ లీ అను శాస్త్రజ్ఞులు, కణవిభజనకు మూలమైన సీడీసీ-2 జన్యువు చెడిపోయి వృద్ధి నిలిచిన ఈస్టు కణములలో మానవ జన్యువులను ప్రవేశపెట్టి చూడగా, వానిలో నొకటి ఆ లోపమును తీర్చి కణములను మరల విభజింపజేసినది. ఎన్నో కోట్ల సంవత్సరములకు పూర్వమే వేర్వేరు త్రోవలు పట్టిన రెండు జీవులలో ఒకే పని చెక్కుచెదరక నిలిచియుండుట ఎంతటి యద్భుతము! అయినను మానవునియందలి ఆ జన్యువును నేడు సీడీకే-1 అందురు. రొట్టె పొంగించు మరియొక ఈస్టుజాతిలో దానికి సీడీసీ-28 అని పేరు. పని యొకటే యైనను పేర్లు మూడగుటచేత, ఒక జీవియందు తెలిసినది మరియొక జీవిని శోధించువానికి సులభముగా అందకపోయెను.

1996లో రొట్టె ఈస్టు జన్యురాశి సంపూర్ణముగా పఠింపబడి, దాదాపు 6,000 జన్యువులు ఒక్కుమ్మడిగా ఎదుట నిలిచిన పిమ్మట ఈ చిక్కు భరింపరానిదాయెను. 1998లో పండ్లయీగ, ఈస్టు, చిట్టెలుక జన్యుసమాచార భాండాగారములవారు ఏకమై, మైకేల్ ఆష్‌బర్నర్ మొదలగువారి పూనికతో, జీన్ ఆంటాలజీ యను ఉమ్మడి పరిభాషను నిర్మింప నారంభించిరి. జన్యూత్పన్నము చేయు పని యేది, అది యే ప్రక్రియలో పాల్గొనును, కణమున నెచ్చట నుండును అను మూడు ప్రశ్నలకు అందు మూడు శాఖలు కలవు. విశేషపదము ఒకటికి మించిన సామాన్యపదములకు లోబడవచ్చును.

ఈ పదవ్యవస్థనుండి జన్యువుల జాలము నల్లు విధానమే నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఇద్దరును మనుష్యులే యన్నంతమాత్రమున చుట్టరికము తేలదు. ఇద్దరి తాతయు నొక్కడే యన్నచో తేలును. అట్లే ‘జీవక్రియ’ యను పదము వేలకొలది జన్యువులకు చెల్లును గనుక దానివలన తెలియునది స్వల్పము. ‘తెగిన డీఎన్ఏ పోగులను అతుకుట’ కొద్దిపాటి జన్యువులకే చెల్లును గనుక దానివలన తెలియునది అధికము. ఉమ్మడి పదమెంత అరుదో బంధమంత దగ్గరిదని లాగరిథముతో కొలుచు పద్ధతిని ఫిలిప్ రెజ్నిక్ 1995లో సామాన్య భాషాపదములకై ప్రతిపాదింపగా, 2003లో మాంచెస్టరు పరిశోధకులు దానిని జన్యువులకు అన్వయించిరి. జంటజంటకు విలువ కట్టి, నిర్ణీతమైన హద్దును మించిన జంటల నడుమ గీత గీసినచో జాలము సిద్ధము.

కాని యీ జాలమున, ఇంకను ఏ పదమును పొందని జన్యువునకు చోటే లేదు. విరివిగా పరీక్షింపబడిన జన్యువునకో, బంధువులు మితిమీరి కనబడుదురు. నా దృష్టిలో ఇట్టి పదవ్యవస్థల ఉత్తమోపయోగము ప్రయోగసాక్ష్యములను తూచుటయే. 2004లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మార్కాట్ బృందము, జన్యువులు కలిసి మేల్కొనుట, ప్రొటీనులు ఒకదానినొకటి అంటిపట్టుకొనుట మొదలగు ప్రయోగసాక్ష్యములు ఒక్కొక్కటియు, కలిసి పనిచేయునని ముందే తెలిసిన జంటలను ఎంత తరచుగా పట్టియిచ్చుచున్నదో లెక్కించి, ఆ నమ్మకమునుబట్టి వానికి బరువు లేర్పరచి, ఈస్టు జన్యుజాలమును కూర్చెను. అందలి ప్రతి గీతకును ఒక సంభావ్యత కలదు. అందుచేత పని తెలియని జన్యువును దాని ఇరుగుపొరుగుతో సరిచూచి, మొదట నేది పరీక్షింపదగునో ప్రయోగశాల నిశ్చయించుకొనగలదు.