గోబర్ గ్యాస్ కట్టే ముందు వారం రోజులు పేడ తూచండి

ఇకమీదట ఇంట్లో పొగ ఉండకూడదు, వంటకని చెట్టు కొట్టకూడదు అని తీర్మానించుకునే రైతు కుటుంబాలు పల్లెల్లో అక్కడక్కడ కనబడుతున్నాయి. మంచి ఆలోచనే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పథకం వల్ల చాలా ఇళ్లలోకి సిలిండరు వచ్చింది. కానీ అయిపోయిన సిలిండరు స్థానంలో మరొకటి తెచ్చుకోవాలంటే ఆ రోజుకు చేతిలో డబ్బుండాలి కదా! అందుకే టీ, కూర గ్యాసు మీద, అన్నం, వేణ్నీళ్లు, ఉలవలు కట్టెల మీద అన్నట్టు చాలా ఇళ్లలో రెండు పొయ్యిలూ నడుస్తున్నాయి. పొగ తగ్గింది గాని పోలేదు. ఆ పొగలో కూర్చునేది ఆడవాళ్లు, వాళ్ల ఒడిలో ఉండే పసిపిల్లలు.

రెండు మూడు పశువులున్న ఇంటికి గోబర్ గ్యాస్ మంచి దారి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1981-82లోనే దేశమంతటా ప్రభుత్వ పథకం మొదలైంది. అప్పటినుంచి కట్టిన ప్లాంట్లలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి, కొన్ని చెత్తకుండీలయ్యాయి. మూలపడిన వాటిని చూసి "గోబర్ గ్యాస్ మనకు అచ్చిరాదు" అనుకోవడం సరికాదు. చాలాచోట్ల తప్పు ప్లాంటుది కాదు, లెక్కది.

పిడక కాలిస్తే ఏం పోతుంది?

పిడక కాలితే అందులోని నత్రజని పొగలో కలిసిపోతుంది. బూడిదలో పొటాష్, కొంత భాస్వరం మిగులుతాయంతే. రోజుకు 25 కిలోల పచ్చి పేడ అనుకుంటే ఏడాదికి 9 టన్నులు. అందులో ఉండే నత్రజని 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదానికి తక్కువ కాదు. అంటే ఏడాదికో యూరియా బస్తాను పొయ్యిలో పెట్టినట్టే. అదే పేడ గోబర్ గ్యాస్ తొట్టిలో వేస్తే మంటకు గ్యాసు వస్తుంది, నత్రజని బయటికి వచ్చే స్లర్రీలోనే ఉంటుంది. పైగా మామూలు పొయ్యిలో పిడకల వేడిలో పదో వంతు మాత్రమే గిన్నెకు అందుతుంది. గ్యాసు పొయ్యి మీద సగానికి పైగా అందుతుంది. అందువల్ల అదే పేడతో దాదాపు రెట్టింపు వంట అవుతుంది. (భోగి పిడకల దండకు, గొబ్బెమ్మలకు కావలసిన పేడ ఎప్పటిలా తీసుకోండి. దానివల్ల వచ్చే లోటేమీ లేదు.)

అసలు లెక్క

కిలో పచ్చి పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు కావాలంటే రోజూ 25 కిలోల పేడ ఉండాలి. నలుగురున్న ఇంట్లో రెండు పూటల వంటకు ఆ ఘనపు మీటరు సరిపోతుంది. నెలకు లెక్క కడితే 13 కిలోల వంటగ్యాసుతో సమానం. మన 14.2 కిలోల సిలిండరుకు కాస్త తక్కువ.

కట్టేసి మేపే గేదె రోజుకు 15 కిలోల దాకా, ఆవు 10 కిలోల దాకా పేడ వేస్తుంది. పొద్దున తోలి సాయంత్రం ఇంటికి తెచ్చే పశువైతే సగం పేడ బీట్లోనే పోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "మూడు గొడ్లున్నాయి, రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కట్టేద్దాం" అంటారు. పక్కింటాయన అదే కట్టాడు కాబట్టో, రాయితీ ఎక్కువ వస్తుందనో పెద్దది కట్టిస్తారు. రెండు ఘనపు మీటర్లకు రోజూ 50 కిలోల పేడ కావాలి. చేతికందేది పాతిక. దానితో గ్యాసు ఒత్తిడి చాలదు, మంట నీరసంగా ఉంటుంది. నెల తిరక్కుండానే ఇల్లాలు మళ్లీ కట్టెలు అంటిస్తుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు.

అందుకని మేస్త్రీని పిలిచే ముందు వారం రోజులు పేడ తూచండి. పొద్దున కొట్టంలో ఎత్తిన పేడను గంపతో కాటా మీద పెట్టి, గంప బరువు తీసేసి రాసుకోవాలి. కళ్లాపికి, ఇల్లు అలకడానికి పోయేది పక్కన పెట్టండి. మిగిలినదాని సగటు 25 కిలోలుంటే ఒక ఘనపు మీటరు ప్లాంటు. 50 ఉంటేనే రెండు. 20 కంటే తక్కువైతే కట్టొద్దు. వచ్చే ఏడు ఒక గేదెను అమ్మే ఆలోచన ఉన్నా, దున్నకానికి ట్రాక్టరు వచ్చిందని ఎడ్లను అమ్మేస్తున్నా అదీ ఈ లెక్కలోకి రావాలి.

ఇంకో లెక్క కాటాకు అందదు. రోజూ పొద్దున పేడ ఎవరు కలుపుతారు? పేడకు సమానంగా నీళ్లు పోసి, గడ్డి, మట్టి, రాళ్లు ఏరేసి, ఉండలు లేకుండా చేత్తో కలిపి తొట్టిలో వదలాలి. అరగంట పని. తీర్మానం మగవాళ్లది, కలిపే పని ఆడవాళ్లది అయిన ఇంట్లో ప్లాంటు ఎక్కువ కాలం నడవదు. ఈ సంగతి ముందే తేల్చుకోవడం మంచిది.

కట్టేటప్పుడు

ఇనుప డ్రమ్ము మోడల్‌కు తుప్పు బెడద ఉంది, ఏటా రంగు వేయాలి. ఇటుక, సిమెంటుతో భూమిలో గుమ్మటంలా కట్టే దీనబంధు మోడల్‌కు ఖర్చు తక్కువ. కాకపోతే శిక్షణ పొందిన మేస్త్రీయే కట్టాలి. గుమ్మటంలో వెంట్రుకవాసి పగులున్నా గ్యాసు నిలవదు. సిమెంటు పని అయ్యాక కనీసం పది రోజులు తడి ఆరకుండా నీళ్లు పెట్టాలి. స్థలం వంటింటికి దగ్గరగా, ఎండ పడేచోట ఉండాలి. మంచినీటి బావికి 15 మీటర్ల దూరం తప్పనిసరి. పెద్ద చెట్ల పక్కన వద్దు, వేళ్లు గోడలోకి చొచ్చుకుపోతాయి. వాన నీళ్లు తొట్టిలోకి పారకుండా చుట్టూ కట్ట ఎత్తుగా వేసుకోవాలి.

సిలిండరు పొయ్యి దీనికి నేరుగా పనికిరాదు. గోబర్ గ్యాస్ పొయ్యికి రంధ్రం పెద్దగా ఉంటుంది, అది వేరేగా కొనాలి.

ఒక ఘనపు మీటరు ప్లాంటును మొదటిసారి నింపడానికి ముప్పావు టన్ను నుంచి టన్ను దాకా పేడ కావాలి. అందుకు ముందే నిల్వ చేసుకోవాలి, లేదా ఊళ్లో అడిగి తెచ్చుకోవాలి. నడుస్తున్న ప్లాంటు నుంచి రెండు మూడు బిందెల స్లర్రీ తెచ్చి పోస్తే త్వరగా అందుకుంటుంది. ఎండాకాలంలో మొదలుపెడితే రెండు మూడు వారాల్లో గ్యాసు వస్తుంది. మొదట వచ్చేది మండదు, భయపడనక్కర్లేదు. గాలి, బొగ్గుపులుసు వాయువు అందులో ఎక్కువ. దగ్గర్లో నిప్పు లేకుండా చూసి ఒకటి రెండుసార్లు బయటికి వదిలేస్తే తర్వాత నీలిమంట వస్తుంది. చలికాలంలో గ్యాసు తగ్గడం మామూలే. పేడ కలిపే నీళ్లు ఎండలో పెట్టి గోరువెచ్చగా పోస్తే కొంత నయం.

సబ్బు నీళ్లు, ఫినాయిల్ తొట్టిలో పడకూడదు. గ్యాసు తయారుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన రోజు ఆ పేడను దిబ్బలో వేయండి. గ్యాసు గొట్టంలో నీరు చేరితే మంట కొట్టుకుంటుంది, గొట్టం కింది భాగంలో ఉండే బిరడా తిప్పి ఆ నీరు తీసేయాలి. ఇంకొక్కటి మరవొద్దు. ఎన్నేళ్లు వాడకుండా ఉన్నా తొట్టిలోకి మనిషి దిగకూడదు. విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. ఇటువంటి తొట్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన సందర్భాలున్నాయి.

బయటికి వచ్చే స్లర్రీకి వాసన, ఈగలు తక్కువ. కలుపు విత్తనాలు చాలావరకు మొలకెత్తవు. పచ్చిగా ఉండగానే కాలువ నీటితో పాటు కూరగాయల మళ్లకు వదలొచ్చు. దూరంగా ఉన్న చేనుకు తోలాలంటే గుంటలో వరిగడ్డి, ఆకు, ఊడ్చిన చెత్త పరిచి దానిమీద పోసి కంపోస్టు చేసుకోవాలి. ఎర్రటి ఎండలో వట్టిగా ఆరబెడితే నత్రజని ఎగిరిపోతుంది. అప్పుడు పిడకకూ దీనికీ పెద్ద తేడా ఉండదు.

పశువులు లేని ఇంటికి ఇవేవీ పనికిరావు, కట్టమని చెప్పడం అన్యాయం. అటువంటి ఇంట్లో పొగగొట్టం పొయ్యి వేసుకుని, కట్టెలు బాగా ఎండబెట్టి, కందిపప్పు రెండు గంటలు నానబెట్టి, గిన్నెపై మూత పెట్టి వండితే కట్టె ఖర్చూ పొగా రెండూ తగ్గుతాయి.

రాయితీ ఎంతన్నది ఏటా మారుతుంది. కట్టాక అడిగితే ఇవ్వరు, ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో జిల్లా కార్యాలయాల్లో అడగండి. వెళ్లేటప్పుడు ఏడు రోజుల తూకం రాసిన కాగితం వెంట తీసుకెళ్తే ఎంత ప్లాంటు కావాలో అక్కడే తేలుతుంది.