ప్రాణరక్షణ, పరిచర్య: దావీదు త్రాగని నీళ్లు

ఉపోద్ఘాతము

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు పల్నాటిలో అది మిరపకోతల కాలము. ఏప్రిల్ 12న ఈస్టరు ఆదివారము వచ్చెను గాని మందిరములో కూడుకొనుటకు అనుమతి లేదు. నరసరావుపేటలో కోవిడ్ తీవ్రముగా వ్యాపించుచుండగా, ముప్పాళ్ళ వంటి సమీప గ్రామముల సంఘములు భయముతో ఆ దినములు గడిపినవి. జూన్ 8 నుండి మాత్రమే షరతులతో ప్రార్థనా స్థలములు తెరచుటకు అనుమతి లభించెను. మందిరము మూసినందున మన విశ్వాసము తక్కువైనదా? తెరచియుండిన యెడల మన ప్రేమ తక్కువైయుండెడిదా? వ్యాధి తగ్గినను ఈ ప్రశ్న తీరలేదు. మరియొక ఆపద రాకమునుపే దీనిని వాక్యపు వెలుగులో పరిశీలించెదము.

1. రెండు వైపుల వాక్యములు

కూడుకొనుట మానవద్దని హెబ్రీ 10:25 బోధించుచున్నది. రాజాజ్ఞకు వెరవక దానియేలు ప్రార్థించెను (దాని. 6). అయితే అపాయమును చూచి దాగువాడు బుద్ధిమంతుడని సామె. 22:3 చెప్పుచున్నది. పౌలు గంపలో గోడమీదుగా దింపబడి తప్పించుకొనెను (అపొ. 9:25). దేవాలయ శిఖరమునుండి దుముకుటకు యేసు ఒప్పుకొనలేదు (మత్త. 4:5-7).

ఒక వాక్యమునకు ఎదురుగా మరియొక వాక్యమును నిలిపినందువలన ప్రశ్న తీరదు. దానియేలు ఎదిరించినది ప్రార్థననే నిషేధించిన ఆజ్ఞను. 2020 నాటి ఆజ్ఞ మందిరములకు, గుడులకు, మసీదులకు సమానముగా వర్తించినది. దాని ఉద్దేశము వ్యాధిని ఆపుట. అంతేకాదు, సింహముల గుహలోనికి వెళ్లినది దానియేలు ఒక్కడే. కనుక మనము మొదట అడుగవలసినది: ఇక్కడ అపాయములో ఉన్నది ఎవరి ప్రాణము?

2. అదుల్లాము గుహయొద్ద

2 సమూ. 23:13-17లో దావీదు బేత్లెహేము బావి నీళ్లు కోరెను. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొని వాటిని తెచ్చిరి. వారిని ఎవరును బలవంతము చేయలేదు, ప్రేమతోనే వెళ్లిరి. అయినను దావీదు ఆ నీళ్లు త్రాగక, అవి వారి రక్తముతో సమానమని యెంచి యెహోవా సన్నిధిని పారబోసెను.

మంద ఇష్టపూర్వకముగా వచ్చినను, వారి ప్రాణాపాయమును తన అవసరమునకు వాడుకొను హక్కు కాపరికి లేదు. ఈ మాట మనకు కఠినమైనదే. గ్రామ కాపరికి అనేక చోట్ల ఆదివారపు కానుకయే జీవనాధారము. మందిరము మూసిన వారము ఆయన ఇంటి పొయ్యికిని కష్టమే. అందుచేత మనలను మనము పరీక్షించుకొనవలెను: కూలిపని చేసుకొను తల్లిని, ఉబ్బసముతో బాధపడు వృద్ధుని మందిరమునకు పిలుచునది దేవుని మహిమ కొరకా, మన కొరత తీరుట కొరకా? సంఘ పెద్దలకును ఇందులో బాధ్యత కలదు. కాపరి కుటుంబ పోషణ ఆపత్కాలములో ఆదివారపు హాజరుపై ఆధారపడకుండునట్లు వారు ముందుగానే ఏర్పాటు చేయవలెను.

3. వెళ్లవలసిన చోటికి వెళ్లుట

ఇది భయమునకు సాకు కాకూడదు. తోడేలును చూచి పారిపోవువాడు జీతగాడు (యోహాను 10:12). 1527లో విట్టెన్‌బర్గులో తెగులు వ్యాపించినప్పుడు మార్టిన్ లూథరు ఆ పట్టణము విడువలేదు. బ్రెస్లావులోని యోహాన్ హెస్‌కు వ్రాసిన పత్రికలో, వాక్య పరిచారకులు రోగులను విడువరాదని చెప్పుచునే, ఔషధములు వాడవలెననియు, తమవలన ఇతరులకు వ్యాధి సోకకుండునట్లు, అవసరము లేని చోటికి వెళ్లరాదనియు ఆయన బోధించెను. మన పల్నాటికి 1849లో వచ్చి గురజాలలో పరిచర్య చేసిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, అమెరికాలో వైద్యము అభ్యసించి వచ్చినవాడే. వైద్యము నేర్చుకొనుట ఆయనకు అవిశ్వాసముగా తోచలేదు.

ఎపఫ్రొదితు క్రీస్తు పనినిమిత్తము చావునకు సిద్ధమైయుండెను (ఫిలి. 2:30). అయితే ఆయన పణముగా పెట్టినది తన ప్రాణమునే. 2020-21లో అయినవారే శవమును ముట్టుటకు జంకిన దినములు మనము చూచితిమి. అట్టి వేళ తగిన జాగ్రత్తతో సమాధి కార్యము జరిగించుట, ఆకలితోనున్న ఇంటి గడపలో బియ్యము ఉంచి దూరమునుండి ప్రార్థించుట కూడ ఆరాధనయే.

ముగింపు

ఆపద వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము. అపాయములో ఉన్నది నా ప్రాణమా, నా మంద ప్రాణమా? నన్ను నడిపించునది పొరుగువాని అవసరమా, శిఖరముమీద నిలువవలెనను ఆశయా? నేను వెళ్లనియెడల విడువబడువాడు ఎవడు? మొదటి రెండు మనలను మందిరపు తలుపు మూయుమని చెప్పవచ్చును. మూడవది అదే దినమున మన ఇంటి తలుపు తెరచి బయలుదేరుమని చెప్పవచ్చును. ఆ రెంటికిని లోబడువాడే మంచి కాపరి.