మీకు తెలుసా? ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్

• ఎలక్ట్రిక్ గిటార్ కిట్‌లో కోసి ఉంచిన చెక్క బాడీ, ఫ్రెట్లు బిగించిన నెక్, పికప్‌లు, బ్రిడ్జి, ట్యూనర్లు, తీగలు ఉంటాయి. సాండ్ పేపర్‌తో చెక్కను నునుపు చేయడం, రంగు వేయడం, భాగాలు బిగించడం, వైర్లు సోల్డరింగ్ చేయడం కొన్నవారి పని.

• నెక్‌ను జిగురు లేకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించే నమూనాను అమెరికాలో లియో ఫెండర్ 1950లో మార్కెట్‌కు తెచ్చారు. నేటి కిట్లలో చాలావాటికి అదే ఆధారం.

• పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన పరికరం. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో విద్యుత్ సంకేతం పుడుతుంది. నైలాన్ తీగతో ఇది సాధ్యం కాదు.

• నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి వరకు 648 మి.మీ. ఉంటే, 12వ ఫ్రెట్ సరిగ్గా 324 మి.మీ. దగ్గర రావాలి. అక్కడ నొక్కితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఆ స్వరం సరిగ్గా పలకాలంటే లావు తీగల ఆధారాలను బ్రిడ్జిపై కొంచెం వెనక్కి జరపాలి.

• వానాకాలపు తేమకు చెక్క ఉబ్బుతుంది, రంగు ఆలస్యంగా ఆరుతుంది. అందుకే రంగు పనికి పొడి నెలలు అనువు.

• ఎలక్ట్రిక్ తీగ వాయిద్యాలు కర్ణాటక సంగీతంలోకీ వచ్చాయి: 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తీగల మాండలిన్‌కు బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీత కచేరీలు చేశారు. గమకాలు స్పష్టంగా పలకడానికి ఆ మార్పు తోడ్పడింది.