ఇంటి పక్కనే కొత్త సూపర్ మార్కెట్.. 'అగ్గువ' అనిపిస్తే సరిపోతుందా? నస్పూర్‌లో నెల సరుకుల లెక్క ఇదీ

గేటుకు బెలూన్లు, ముందు డీజే సౌండ్, కిలో చక్కెర మీద ఆఫర్ బోర్డు. ఇంటి పక్కన కొత్త సూపర్ మార్కెట్ తెరిచారంటే మొదటి వారం సీన్ ఎక్కడైనా ఇదే. లోపలికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పే మాటలు కూడా దాదాపు ఒకటే. ఏసీ చల్లగుంది, అన్నీ ఒక్క దగ్గరే దొరుకుతున్నయ్, అగ్గువకే ఇస్తున్నరు. మరి ఆ 'అగ్గువ' నెలాఖరుకు ఇంటి లెక్కలో నిజంగా కనిపిస్తుందా? మంచిర్యాల జిల్లా నస్పూర్ లాంటి బొగ్గు గని ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు అంత సింపుల్‌గా ఉండదు.

నస్పూర్ ఇప్పుడు పాత నస్పూర్ కాదు. 2016లో మంచిర్యాల జిల్లా అయ్యాక కొత్త కలెక్టరేట్ ఇక్కడే కట్టారు. 2023 జూన్‌లో దాన్ని ప్రారంభించారు. 2025లో నస్పూర్ మున్సిపాలిటీ మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. పక్కనే శ్రీరాంపూర్ గనులు, సీసీసీ కాలనీలు, నెల నెలా జీతం వచ్చే సింగరేణి కుటుంబాలు. దుకాణం పెట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

నిజానికి ఈ పద్ధతి బొగ్గు గని ప్రాంతాలకు మరీ కొత్తేం కాదు. సింగరేణి కార్మికుల కోసం సహకార పద్ధతిలో నడిచిన సూపర్ బజార్లు ఇక్కడి పాత తరానికి బాగా తెలుసు. కస్టమరే లోపలికి వెళ్లి సరుకు తీసుకునే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో 'పిగ్లీ విగ్లీ' అనే దుకాణంతో జనంలోకి వచ్చింది. మన దగ్గర హైదరాబాద్‌లో 1980లలో త్రినేత్ర, రత్నదీప్ మొదలయ్యాయి. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ కూడా తన తొలి స్టోర్లను హైదరాబాద్‌లోనే తెరిచింది. ఆ తర్వాత జిల్లా కేంద్రాలు, ఇప్పుడు కాలనీల వంతు.

మొదటిసారి వెళ్తే ఏం నచ్చుతుంది?

ధర అని చాలామంది అంటారు కానీ, ముందు నచ్చేది స్వేచ్ఛ. కిరాణంలో కౌంటర్ అవతల నిలబడి అడగాలి. ధర అడిగి 'వద్దులే' అనాలంటే మొహమాటం. వెనక నలుగురు ఆగి ఉంటే ఎక్స్‌పైరీ డేట్ చూసే తీరికే ఉండదు. సూపర్ మార్కెట్లో అలా కాదు. చేతిలోకి తీసుకోవచ్చు, తిప్పి చూడొచ్చు, మళ్లీ అక్కడే పెట్టేయొచ్చు. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పది సరుకుల చీటీతో వెళ్తే పదిహేను తీసుకుని వస్తారు. పాలు, పప్పు, నూనె లాంటి రోజూ కావాల్సినవి చాలా స్టోర్లలో లోపలికి ఉంటాయి. అక్కడిదాకా వెళ్లే దారిలో బిస్కెట్లు, చిప్స్, ప్లాస్టిక్ డబ్బాలు పలకరిస్తాయి. బిల్లింగ్ దగ్గర లైన్లో నిల్చున్నప్పుడు పిల్లల కంటికి సరిగ్గా అందే ఎత్తులో చాక్లెట్లు. ఇదంతా ఊరికే జరిగింది కాదు, లెక్క వేసి పెట్టిందే.

నూనె ప్యాకెట్ దగ్గర అసలు పరీక్ష

అగ్గువా కాదా తేల్చుకోవాలంటే ముందు నూనె ప్యాకెట్ల దగ్గర ఆగాలి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. కానీ అదే సైజులో కనిపించే ప్యాకెట్లలో 850 గ్రాములవీ, ఇంకా తక్కువవీ వస్తున్నాయి. ఇంతే బరువులో అమ్మాలన్న పాత నిబంధన ఎత్తేయడంతో కంపెనీలు తమకు నచ్చిన బరువు పెట్టుకోవచ్చు. ఎంత ఉందో రాస్తే చాలు.

ఒక లెక్క చూద్దాం. 910 గ్రాముల ప్యాకెట్ 155 రూపాయలు, 850 గ్రాములది 148 రూపాయలు అనుకుందాం. చూడగానే రెండోది ఏడు రూపాయలు తక్కువ. కానీ కిలో లెక్కన మొదటిది సుమారు 170, రెండోది 174. అంటే అగ్గువ అనుకుని తీసుకున్నదే పిరం!

దీనికోసమే ప్యాకెట్ మీద 'యూనిట్ సేల్ ప్రైస్' వేయాలని 2021లో లీగల్ మెట్రాలజీ నిబంధనలు సవరించారు. కిలోలోపు ప్యాకెట్లకు గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర. ఆలోచన మంచిదే. కాకపోతే గ్రాము ధర పైసల దగ్గర ఆగిపోతుంది. పైన చెప్పిన రెండు ప్యాకెట్లకూ గ్రాముకు 17 పైసలే వస్తుంది, తేడా కనపడదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయక తప్పదు. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణిస్తే కిలో ధర వచ్చేస్తుంది. అంతే.

'ఎంఆర్పీపై ఇంత శాతం తగ్గింపు' బోర్డుల సంగతి కూడా ఇలాంటిదే. ఎంఆర్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని, అంతకే అమ్మాలని కాదు. కిరాణం సేటు కూడా చాలా సరుకులు ఎంఆర్పీ కంటే తక్కువకే ఇస్తాడు. కాబట్టి ఆఫర్‌ను ఎంఆర్పీతో కాదు, పోయిన నెల ఇదే సరుకుకు కట్టిన డబ్బుతో పోల్చాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, బిస్కెట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను తగ్గి వచ్చిన తేడాను స్టోర్ ఇచ్చే ఆఫర్ అనుకుంటే పొరపాటే.

ఇక బియ్యం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కార్డున్న ఇళ్లలో బియ్యం బస్తా ఆఫర్‌కు ఇదివరకటి అవసరం లేదు.

కౌంటర్ దగ్గర ఇవి గుర్తుంచుకోండి

బిల్లు వేసేటప్పుడు మొదటి ప్రశ్న 'ఫోన్ నంబర్ చెప్పండి'. ఇష్టమైతే చెప్పొచ్చు, లేదంటే లేదు. నంబర్ ఇస్తేనే బిల్లు అని ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు చెప్పింది. క్యారీ బ్యాగ్ విషయంలోనూ అంతే. ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర బ్యాగ్‌కు డబ్బులు వేయడం తప్పని 2020 డిసెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. ఎలాగూ ఇంటి నుంచి సంచి తీసుకెళ్తే ఈ గొడవే ఉండదు.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు ఉన్నా భయపడక్కర్లేదు. పప్పులో పురుగు, పగిలిన ప్యాకెట్ లాంటి లోపాలుంటే, బిల్లులో గడువు రాసి లేకపోయినా 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాల్సిందే. 2019 వినియోగదారుల చట్టం ఇదే చెప్తోంది. అందుకే బిల్లు పారేయొద్దు. ఎంఆర్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, బిల్లు ఇవ్వకపోయినా 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మరి ఉద్దెర సంగతి?

సూపర్ మార్కెట్లో దొరకనిది ఒకటే. "ఖాతాల రాసుకో సేటూ" అనే మాట అక్కడ చెల్లదు. నస్పూర్‌లో ఇది పెద్ద విషయమే. ఒకే గని దగ్గర పనిచేసే ఇద్దరి చేతికొచ్చే డబ్బు ఒకేలా ఉండదు మరి. 2024లో సింగరేణి లాభాల్లో వాటాగా 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి దాదాపు లక్షా 90 వేలు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఇచ్చింది 5 వేల రూపాయలు. మొదటి కుటుంబానికి సూపర్ మార్కెట్ నెలకోసారి చేసే షాపింగ్. రెండో కుటుంబానికి జీతం ఆలస్యమైన నెలలో పొయ్యి వెలిగేది కిరాణం ఖాతా మీదే.

కిరాణంలో కిలో పప్పు మీద రెండు మూడు రూపాయలు ఎక్కువ పడితే, అందులో కొంత ఆ ఉద్దెర ధర. నెల రోజులు డబ్బు అడగకుండా సరుకు ఇవ్వడం సేటుకు ఊరికే రాదు కదా! చాలా ఇళ్లు ఇక్కడే ఇబ్బంది పడతాయి. జీతం పడ్డ వారం నగదంతా సూపర్ మార్కెట్‌కు వెళ్తుంది. 20వ తేదీ దాటాక కిరాణం గుర్తొస్తుంది. నగదు ఒక చోట, అప్పు ఇంకో చోట. ఇలా రెండు మూడు నెలలు నడిస్తే సేటు ఖాతా మూసేస్తాడు. ఆయన్ను తప్పు పట్టడానికీ ఉండదు, ఆయనకూ హోల్‌సేల్ దుకాణంలో కట్టాల్సింది ఉంటుంది.

అందుకే లెక్క తెలిసినవాళ్లు పంచుకుంటున్నారు. సబ్బులు, నూనె, సర్ఫ్ లాంటి నిల్వ ఉండేవి తగ్గింపు చూసి పెద్ద స్టోర్లో, ఉప్పు పప్పు చాయ్‌పత్తి రోజువారీగా వీధి చివర కిరాణంలో. పొద్దుటి షిఫ్ట్‌కు బయల్దేరేటప్పుడు పాల ప్యాకెట్ కావాలంటే ఆ చీకట్లో తీసి ఉండేదీ అదే దుకాణం.

దసరాకు ముందు లాభాల వాటా ఖాతాల్లో పడ్డ వారం సూపర్ మార్కెట్లో ట్రాలీలు ఖాళీగా ఉండవు. అదే వారం కిరాణం దగ్గర పాత బాకీ మీద గీత కొట్టించుకునేవాళ్లూ కనిపిస్తారు.