వాడిన రెగ్యులేటరును కొనుటకు ముందు

యుద్ధకాలమున పెట్రోలు కొరవడిన ఫ్రాన్సు దేశములో మోటారు కార్లను గ్యాసుతో నడుపుటకై ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరు రూపొందించిన కవాటమే, నౌకాదళాధికారి జాక్ కూస్టోతో ఆయన కలిసిన పిమ్మట, 1943లో సముద్రగర్భమున మనుష్యుడు స్వేచ్ఛగా శ్వాసించుటకు సాధనమయ్యెను. నేటి డైవింగు రెగ్యులేటరులోను సూత్రమదియే: సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో కుక్కియున్న గాలిని మొదటి దశ, చుట్టునున్న నీటి ఒత్తిడికంటె సుమారు 9, 10 బార్లు మాత్రమే అధికమగునట్లు తగ్గింపగా, నోటియొద్దనుండు రెండవ దశ దానిని మరల నీటి ఒత్తిడికి సమము గావించి, ఊపిరి పీల్చినంతనే అందించును.

ఇట్టి ప్రాణాధారమైన వస్తువును ఒకరు వాడిన పిదప కొనవచ్చునా యని శంకించువారు పెక్కురు. నిశ్చయముగా కొనవచ్చును, ఏలయన క్రోమియపు పూత గల ఇత్తడి దేహము, శుభ్రముగా కడిగి దాచినచో, దశాబ్దములు నిలుచును, ముదిమి కలుగునది రబ్బరు వలయములకు, పలుచని పొరలకు, కవాటపు పీఠమునకు, గొట్టములకు. కావున వస్తువు వయస్సుకంటె ముందుగా విచారింపవలసినది, ఆ నమూనాకు మార్పుడు భాగములు నేటికిని లభించునా, వానిని అమర్చగల మెకానిక్కు మనకు అందుబాటులో నున్నాడా యనునదియే. భాగములు దొరకని రెగ్యులేటరు ఎంత మెరసినను, ఉచితముగా నిచ్చినను, నేను పుచ్చుకొనను.

తరువాత గాలి ప్రవేశించు ద్వారమున నుండు వడపోత బిళ్లను చూడవలెను. అది పచ్చబారినచో లోనికి ఉప్పునీరు చొరబడి ఇత్తడిని తినివేసినదనియు, ఎఱ్ఱబారినచో త్రుప్పుపట్టిన ఉక్కు సిలిండరునుండి పొడి వచ్చినదనియు అనుమానింపవచ్చును. గొట్టములను బిగింపుల చెంత వంచి బీటలు వెదకవలెను. ద్వారమును మూతతో గట్టిగా మూసి నోటితో మెల్లగా పీల్చినప్పుడు గాలి రాకూడదు. వచ్చెనేని లోపలి పొరయో, నిశ్వాసపు కవాటమో చినిగియుండును.

అన్నింటికంటె నమ్మదగిన సాక్ష్యము ఒత్తిడి మాపకము చెప్పును. రెగ్యులేటరును సిలిండరునకు తగిలించి, మొదటి దశనుండి వెలువడు మధ్యస్థపు ఒత్తిడిని చూచునప్పుడు ముల్లు తయారీదారు చెప్పిన అంకెయొద్ద నిలిచిపోవలెను. నిలువక కొంచెము కొంచెముగా పైకి ప్రాకుచున్నచో, మొదటి దశలోని పీఠము అరిగినదన్నమాట. ఇది మరమ్మతు కాదగిన దోషమే గాని వెలలో తగ్గింపవలసిన దోషము. "గతవత్సరమే సర్వీసు చేయించితిని" అను మాటకు రసీదు లేనిచో, చేయింపలేదనియే లెక్కించి, ఆ ఖర్చును కూడ వెలలో కలుపుకొనవలెను. అట్లు కలిపినప్పుడు క్రొత్తదాని ధరకు చేరువైన బేరములు అరుదు కావు.

సర్వీసు ముగిసి చేతికి వచ్చిన పిమ్మట, మొదట ఈతకొలనులో పలు భంగిమలలో శ్వాసించి చూచుకొని, ఆపైననే రుషికొండ తీరమునకో, అండమాను పగడపు దిబ్బలకో ప్రయాణము కట్టవలెను.